చెయ్యి వదిలితే ఆగే బండి

మా తమ్ముడు ప్రభుదాసు ఫోన్ చేస్తే ముందు ఎండల గురించి, తర్వాత వాడి బీపీ గురించి మాట్లాడి, ఆ తర్వాతే అసలు సంగతికొస్తాడు. ఆ రోజు మాత్రం నేరుగా అందుకున్నాడు. "అక్కా, వెనక రేకుల షెడ్డు పీకిస్తుండా. దూలాల మీద నీ బేరింగుల బండి ఉండాది. పాత సామాన్లోడు గేటు కాడే నిలబడుండాడు, వేసేదా?" అన్నాడు. "వేసి చూడు. ఆ రెండో చెయ్యి కూడా విరగ్గొడతా" అన్నాను. వాడు పకపకా నవ్వాడు. చిన్నప్పుడు ఆ బండి మీంచి పడి వాడి ఎడమ మోచెయ్యి విరిగింది. కట్టు కట్టిస్తే కుదురుగా ఉంటేగా, గడువుకు ముందే విప్పి పారేశాడు, అందుకే ఇప్పటికీ ఆ చెయ్యి కాస్త వంకర. దాని మీద మా ఇంట్లో ఎన్ని హాస్యాలో. వాడు నవ్వినంత తేలిగ్గా నేనెప్పుడూ వాటికి నవ్వలేకపోయానని వాడికి తెలియదు.

నేను రిటైరైన టీచర్ని. విడవలూరు దాటి సముద్రం వైపు వస్తే తగిలే ఊళ్ళలో మాది ఒకటి. కూతురు సునీత, అల్లుడు కిరణ్, వాళ్ళ పిల్లలు జోయెల్, హన్నా, నేను అందరం ఒకే ఇంట్లో ఉంటాం. అల్లుడు రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లు బాగుచేస్తాడు కాబట్టి మా ఇంట్లో స్పానర్లకూ గ్రీజుకూ కరువు లేదు. వేసవి సెలవులు. తొమ్మిదేళ్ళ జోయెల్, ఏడేళ్ళ హన్నా ఒక్క ఫోన్ కోసం రోజుకు నాలుగుసార్లు కొట్టుకుంటున్నారు. అంతకు ముందే నెల్లూరు తీసుకెళ్ళి, టికెట్టు కొంటే అయిదు నిమిషాలు గిరగిరా తిప్పే గో-కార్ట్ అనే బుల్లి కారు ఎక్కించారు వాళ్ళను. అప్పట్నుంచీ అదే పాట. "మాకూ ఉండింది లెండిరా గో-కార్ట్, మా నాన్నే చేసినాడు" అని గొప్పలు పోయి ఉన్నాను. తీరా తమ్ముడుండే బిట్రగుంట నుంచి ట్రాలీ ఆటోలో అది వచ్చి దిగాక, తుప్పు పట్టిన నాలుగు బేరింగులు, రంగు వెలిసిన పలక, ఒక ఇనుప కడ్డీ చూసి పిల్లలిద్దరూ మొహాలు వేలాడేశారు. "ఇదా అమ్మమ్మా?" అన్నాడు జోయెల్. "ఇదే. నోరు మూసుకుని కిరసనాయిలు తీసుకురా" అన్నాను.

దాన్ని చేసిన మనిషి గురించి చెప్పాలి. మా నాన్న పేరు రత్నం. బిట్రగుంటలో రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్డులో ఫిట్టరు. షెడ్డులో ఆయన్ని అందరూ "బ్రేకు రత్నం" అనేవాళ్ళు, ఎందుకంటే ఆయన చూసి సరే అన్న బ్రేకుకు రెండోసారి పరీక్ష అక్కర్లేదని పేరు. ఆ పిలుపంటే ఆయనకు మహా ఇష్టం. పైకి చెప్పేవాడు కాదుగానీ, ఎవరైనా కొత్తవాడు ఇంటికొచ్చి "బ్రేకు రత్నంగారి ఇల్లు ఇదేనా?" అని అడిగితే ఆ పూట అమ్మను టీ రెండుసార్లు పెట్టమనేవాడు. అవి ఆవిరి ఇంజన్ల రోజులు. మా కాలనీలో గాలికి బొగ్గు వాసన, ఇంటికి కిరసనాయిలు వాసన. అమ్మ బట్టలారేసే ముందు వీధిలోకొచ్చి షెడ్డు పొగ ఎటు పోతోందో చూసేది. గాలి మా వైపు తిరిగిందంటే తెల్ల బట్టల మీద నల్ల చుక్కలే, ఆదివారం చర్చికి నాన్న వేసుకునే చొక్కాతో సహా. సాయంత్రం షెడ్డు కూత వినబడగానే అవ్వ, అంటే మా నాన్నవాళ్ళమ్మ, పెరట్లో సబ్బూ బూడిదా సిద్ధం చేసేది. నాన్న ముందు కిరసనాయిలుతో, తర్వాత బూడిదతో, చివరికి సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకునేవాడు. ఎంత రుద్దినా గోళ్ళ అంచున నలుపు పోయేది కాదు. ఆ చేత్తోనే చేపల పులుసులోని మామిడికాయ ముక్క తీసి నా కంచంలో వేసేవాడు. ఆ కాస్త గ్రీజు వాసన లేకపోతే ఇప్పటికీ నాకు పులుసు తిన్నట్టే ఉండదు, సునీత ఎంత బాగా చేసినా సరే.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. ప్రతి వస్తువునూ వేలి కణుపుతో కొట్టి వినేవాడు. షెడ్డులో చక్రాలను సుత్తితో కొట్టి, మోగే తీరును బట్టి పగులుందో లేదో చెప్పేవాళ్ళు కదా, ఆ జబ్బు ఇంటిదాకా వచ్చింది. కొత్త కుండ తెస్తే కొట్టేవాడు, టెంకాయ కొట్టేవాడు, తలుపు కొట్టేవాడు, పరీక్షలో మార్కులు తగ్గితే మా నెత్తిమీద కూడా మెల్లిగా కొట్టి, "బోలుగా ఉండాదే" అనేవాడు. "ఏం మనిషిరా నాయనా, దేవుడు కనబడినా ముందు కొట్టి చూస్తావు" అని అవ్వ తిట్టేది.

కాలనీలో మగపిల్లలందరికీ బేరింగుల బండ్లుండేవి. పనికిరాని బేరింగులు నాలుగు సంపాదించి, రెండు కర్రలకు తగిలించి, పైన పలక కొట్టి, ముందు కర్రను కాళ్ళతో తిప్పుకుంటూ, బొగ్గు ఎక్కించే గట్టు మీంచి రోడ్డు దాకా ఉన్న వాలులో వదిలేవాళ్ళు. చెవులు చిల్లులు పడే మోత. బ్రేకు అంటే కాలి మడమే. నాకూ బండి కావాలని నాన్న వెంటబడ్డాను. అవ్వ "ఆడపిల్లకు బండేందిరా" అంది. "ఆడపిల్లకు కాళ్ళు చేతులు లేవా ఏంది?" అని నాన్న నెల రోజులు, డ్యూటీ దిగాక పెరట్లో కూర్చుని చేశాడు. టేకు పలక, నున్నగా చిత్రిక పట్టి, అంచులు గుండ్రంగా తీసి. ఎక్కేటప్పుడు నా పరికిణీ పట్టుకోకుండా మేకులన్నీ లోపలికి దించి. ఎడమ పక్కన పుస్తకాల సంచీ తగిలించడానికి ఇత్తడి కొక్కెం కూడా పెట్టాడు. అంతా బాగుంది, ఒక్క బ్రేకు తప్ప.

ఆ బ్రేకు సంగతి అర్థమైతేనే ఈ కథంతా అర్థమవుతుంది. బండి వెనక, చక్రాల మధ్య, అడుగున రబ్బరు కొట్టిన ఒక కర్ర దిమ్మ ఉంటుంది. స్ప్రింగు దాన్ని ఎప్పుడూ నేలకు అదిమిపెట్టి ఉంచుతుంది. ఎడమచేతి పక్కన ఉన్న కడ్డీని లాగి పట్టుకుంటే దిమ్మ పైకి లేస్తుంది, బండి కదులుతుంది. చెయ్యి వదిలితే దిమ్మ దిగి నేలను పట్టుకుంటుంది, బండి ఆగిపోతుంది. అంటే లోకంలో బండ్లన్నీ బ్రేకు వేస్తే ఆగుతాయి, మాది బ్రేకు తీస్తేనే నడుస్తుంది. "ఇదేంది నాన్నా, తిరగేసి పెట్టినావు?" అని అడిగాను. "రైలుకు కూడా ఇట్టాగేనమ్మా. బ్రేకు పైపు తెగిపోతే రైలు దానంతటదే ఆగిపోతాది. తోలే మనిషికి కళ్ళు తిరగొచ్చు, నిద్ర రావొచ్చు, ప్రాణమే పోవచ్చు. అప్పుడు చెయ్యి వదులైపోతాది గదా? అప్పుడే ఆగాల బండి" అన్నాడు. పదకొండేళ్ళ పిల్లకు ఇదంతా ఏం పడుతుంది? నాకు కనబడిందల్లా ఒక్కటే. మగపిల్లల బండ్లు రయ్యిన పోతుంటే, నేను సగం వాలులో చెయ్యి నొప్పెట్టి పట్టు సడలిస్తే చాలు, నా బండి కీచుమని నిలబడిపోయేది. "రత్నంగారి గూడ్సు వస్తుందిరోయ్" అని వాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఏడుపొచ్చేది నాకు.

ఒక శనివారం నాకు గొప్ప ఉపాయం తట్టింది. ఒక జడకున్న రిబ్బన్ విప్పి, కడ్డీని పూర్తిగా లాగి, పక్కనే ఉన్న ఆ సంచీ కొక్కేనికి గట్టిగా కట్టేశాను. బ్రేకు లేచే ఉండిపోయింది. నాకు రెండు చేతులూ ఖాళీ. వెనక ఎనిమిదేళ్ళ ప్రభుదాసును కూర్చోబెట్టుకుని గట్టు మీంచి వదిలాను. ఆ వేగం ఇప్పటికీ నా కడుపులో ఉంది. మొదటిసారి అందర్నీ దాటేశాను, గట్టిగా కేకలు కూడా వేశాను. వాలు చివర పంపు దగ్గర ఆడవాళ్ళు బిందెలతో నిలబడి ఉన్నారు. ఆపుదామని రిబ్బన్ లాగాను. ముడి బిగుసుకుపోయింది. కాళ్ళతో బండిని పక్కకు తిప్పేశాను. కల్వర్టు గట్టుకు కొట్టుకుని బండి తిరగబడింది, తమ్ముడు ఎగిరి రాళ్ళలో పడ్డాడు.

ఇక్కడి నుంచి రాయడం కష్టం. వాడు చెయ్యి పట్టుకుని "అక్కా, అక్కా" అని అరుస్తున్నాడు. పంపు దగ్గరి ఆడవాళ్ళు పరిగెత్తుకొస్తున్నారు. నేను వాడి దగ్గరకు పోలేదు. ముందు బండి దగ్గరకు పోయాను. వంగి, పళ్ళతో ముడి లాగి, రిబ్బన్ విప్పి గుప్పిట్లో దాచుకుని, అప్పుడు తమ్ముడి దగ్గరకు పోయాను. నాన్న షెడ్డు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి వాణ్ణి భుజాన వేసుకుని, నన్ను పైనుంచి కిందికి ఒక్కసారి చూసి, "నీకేం కాలేదు గదామ్మా?" అన్నాడు. తల అడ్డంగా ఊపాను. "ఏం జరిగింది?" అన్నాడు. "బ్రేకు పడలేదు నాన్నా" అన్నాను. ఆ మూడు మాటలే. ఇంటికెళ్ళాక రిబ్బన్‌ను పొయ్యిలో వేశాను.

ఆ మూడు మాటలు మా నాన్నను చాలాకాలం వెంటాడాయి. అవ్వ అయితే కాలనీ అంతా వినేట్టు, "నీ పిచ్చి పనులతో బిడ్డ చెయ్యి విరగ్గొట్టినావు గదరా" అని ఏడ్చింది. నాన్న మాత్రం "స్ప్రింగు అలిసిపోయిందమ్మా, నాదే తప్పు" అన్నాడు. షెడ్డులో సంగతి ఇంకా ఘోరం. బ్రేకు రత్నం కన్నకూతురికి చేసిన బండికే బ్రేకు పడలేదంట! ఎదురుపడిన ప్రతివాడూ "ఏం రత్నం, సొంత బండికి బ్రేకు పెట్టడం మరిచిపోయినావంట గదా" అనేవాడు. నాన్నతోపాటు చర్చికి నడిచి వెళుతుంటే నా చెవులతో నేనే విన్నాను. ఆయన నవ్వి, "స్ప్రింగు అలిసిపోయిందిలే అబ్బయ్యా" అనేవాడు. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు ఆయన వైపు చూసి, ఇవాళ చెబుతాను అనుకునేదాన్ని. చెప్పలేదు. నెల తిరక్కుండా ఆయన బండిని బాగుచేసి మళ్ళీ వీధిలో పెట్టాడు. తమ్ముడూ వాడి స్నేహితులూ ఏళ్ళ తరబడి దాన్ని తొక్కి తోలారు. నేను మాత్రం మళ్ళీ దాని మీద కూర్చోలేదు. "పెద్దదాన్నయినా, నాకొద్దు" అన్నాను. నాన్న ఆ వారం సంత నుంచి నాకు ఒక జత కొత్త రిబ్బన్లు తెచ్చాడు, అంతే. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మా ఇంట్లో ఏ పెళ్ళికి నలుగురం కూడినా ప్రభుదాసు వంకర చెయ్యి చూపించి "నాన్న బ్రేకు ఫెయిలైన కథ" చెబుతాడు, అందరూ పడీపడీ నవ్వుతారు. నేను వంటింట్లోకి పోతాను.

సరే, బండి పని మొదలైంది. మొదటి రోజే పిల్లలకు మా నాన్న పద్ధతి నేర్పాను. పెరట్లో గోనెపట్ట పరిచి, విప్పిన ప్రతి ముక్కనూ విప్పిన వరుసలోనే దాని మీద పేర్చాలి. ఎవరు విప్పిందాన్ని వాళ్ళే బిగించాలి, ఏదైనా పోతే పోగొట్టినవాళ్ళే చెప్పాలి. మూడు రోజులు బేరింగులు కిరసనాయిల్లో నానాయి. మా వైపు ఉప్పుగాలి ఇనుమును బతకనివ్వదుగానీ, బిట్రగుంట దూలాల మీద ఉండబట్టి లోపలి గోళీలు బాగానే ఉన్నాయి. ఒక్క బేరింగు మాత్రం బిగుసుకుపోతే కిరణ్ ఏరేటరుది ఒకటి తెచ్చి వేశాడు. ఫోన్ సంగతి పిల్లలు మూడో రోజుకే మరిచిపోయారు. ఒళ్ళంతా గ్రీజు. సునీత గడపలో నిలబడి "అమ్మా, వీళ్ళను నువ్వే స్నానం చేయించుకో" అని అరిచేది. కిరసనాయిలు, బూడిద, సబ్బు, అదే వరుసలో చేయించాను. మా అవ్వ ఉండి ఉంటే నన్ను చూసి ఏమనేదో! నేను వేలితో పలక కొట్టి వినడం చూసి, హన్నా కూడా కనబడిందల్లా కొట్టడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం నిద్రపోతున్న వాళ్ళ నాన్న తల కొట్టి, "బోలుగా ఉంది అమ్మమ్మా" అని తీర్పు చెప్పింది.

గొడవ బ్రేకు దగ్గర వచ్చింది. "అమ్మమ్మా, ముత్తాత స్ప్రింగు తిరగేసి పెట్టినాడు, బండి కదల్డం లేదు" అన్నాడు జోయెల్. నేను వంటింట్లోంచి వచ్చేలోపల కిరణ్ దాన్ని విప్పి, లాగితే బ్రేకు పడేట్టు మార్చేస్తున్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఎవరు మార్చమన్నారు? ముందు ఎట్టుండిందో అట్టా పెట్టు!" అని అరిచాను. పాపం, అల్లుడి మీద అంతకు ముందెప్పుడూ అరవలేదు. అతను స్ప్రింగు చేతిలో పట్టుకుని, "అది కాదత్తయ్యా, ఇది ఎట్టాగూ ఫెయిలైన బ్రేకే గదా. సైకిలు బ్రేకు కొత్తది వేద్దామని" అని నసిగాడు. సునీత కల్పించుకుంది. "నువ్వు తాత మీద ప్రేమతో ఎన్నయినా చెప్పమ్మా. మామయ్య చెయ్యి నేను చూస్తానే ఉండా గదా? ఆ బ్రేకుంటే నా పిల్లల్ని ఎక్కనివ్వను. తీసి పాత ఇనుంలో వేసెయ్యండి" అంది. తల్లిగా దాని మాటలో తప్పేం లేదు. నేను ఒక్క మాట చెబితే ఆ బ్రేకు నిలుస్తుంది, చెప్పకపోతే మా నాన్న పేరుతో సహా పాత ఇనుంలోకి పోతుంది. "ఆదివారం దాకా దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు. ప్రభుదాసు వస్తాడు, అప్పుడు చూద్దాం" అని లోపలికెళ్ళి తలుపేసుకున్నాను.

చెబుతానో లేదో నాకే తెలియదు, అది నిజం. అరవై దాటిన దాన్ని, ఇన్నేళ్ళ తర్వాత కూతురి ముందు, అల్లుడి ముందు అబద్ధాలకోరునని ఒప్పుకోవాలంటే నోరు రాలేదు. ఆ శనివారం సాయంత్రం గోనెపట్ట మీద ముక్కలు లెక్క చూస్తుంటే ముందు ఇరుసు నట్టు ఒకటి తగ్గింది. "ఎవరు తీశార్రా?" అని గద్దించానో లేదో, హన్నా వచ్చి నా ముందు నిలబడింది. "నేనే అమ్మమ్మా. బొంగరం లాగా తిప్పినా, కాలవలో పడిపోయింది. ఎతికినా, దొరకలేదు" అంది. భయపడింది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, అయినా చెప్పింది. జోయెల్ వెంటనే, "నాన్న దగ్గర అట్టాంటిది ఉండాది, తెస్తా" అని పరిగెత్తాడు. అంతే, రెండు నిమిషాల్లో అయిపోయింది. మన కాలం పిల్లలు పెద్దలంటే గడగడలాడేవాళ్ళనీ, ఇప్పటి పిల్లలకు భయం భక్తీ లేవనీ నేను కూడా స్టాఫ్ రూములో ఎన్నోసార్లు అన్నాను. నాకున్న ఆ భయం నాచేత ఏం చేయించిందో తెలిసి కూడా అన్నాను. హన్నాను దగ్గరకు లాక్కుని ముద్దు పెట్టుకున్నాను. నట్టు పోగొడితే ముద్దెందుకు పెడుతోందో దానికి అర్థం కాలేదు.

ఆదివారం చర్చి అయ్యాక ప్రభుదాసు సంచీ నిండా మామిడికాయలతో దిగాడు. పెరట్లో అందరం బండి చుట్టూ చేరాం. వాడు అలవాటు ప్రకారం చొక్కా చెయ్యి మడిచి, "చూడండిరా, మీ ముత్తాత బ్రేకు దెబ్బ..." అని మొదలుపెట్టాడు. "ఆపరా" అన్నాను. "బ్రేకు ఫెయిల్ కాలేదు. నేనే కట్టేసినా." కొక్కెం, రిబ్బన్, ముడి, పొయ్యి అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ వాడి మొహంలోకి చూడలేదు, వాడి చెప్పులే చూశాను. వాడు మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. "అంటే అక్కా" అన్నాడు వాడు చివరికి, నెమ్మదిగా, "నేను రాళ్ళలో పడి ఏడస్తా ఉంటే, నువ్వు ముందు రిబ్బన్ విప్పుకున్నావా?" "అవును" అన్నాను. వాడు అటు తిరిగి మునగచెట్టు దగ్గరకు పోయి నిలబడ్డాడు. వెనక్కి వచ్చి, "నా చెయ్యి పోతే పోయిందిలే అక్కా. అందరూ నవ్వతా ఉంటే ఆ మాట మోసుకున్నాడే, పాపం నాన్న! ఆయన పోయేదాకా కూడా చెప్పలేకపోయినావా?" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

అప్పుడు జోయెల్‌కు అసలు సందేహం వచ్చింది. "అమ్మమ్మా, నువ్వు కడ్డీని కొక్కేనికి ఎట్టా కట్టినావు? కడ్డీ ఎడమ పక్క గదా ఉండేది, కొక్కెం కుడి పక్క ఉండాది" అన్నాడు. కళ్ళు తుడుచుకుని చూశాను. నిజమే, ఇత్తడి కొక్కెం కుడి పక్కన ఉంది. ఇన్ని రోజులూ నా కంట పడనేలేదు. "కాదురా, ఎడమ పక్కే ఉండింది. సంచీ తగిలిస్తే నా ఎడమ మోకాలికి తగిలేది" అన్నాను. "ఎడమ పక్క ఏం లేదు అమ్మమ్మా, పలక నున్నగా ఉండాది" అన్నాడు. హన్నా కూర్చుని ఎడమ పక్క పలకను వేలితో కొట్టుకుంటూ పోయింది. టక్ టక్ టక్. ఒకచోట ఆగింది. మళ్ళీ కొట్టింది. "ఇక్కడ వేరేగా ఉంది" అంది. కిరణ్ ఉప్పు కాగితం తెచ్చి అక్కడి పాత రంగు గీశాడు. టేకు పలకలో రెండు చిన్న గుండ్రటి మచ్చలు బయటపడ్డాయి. కొక్కెం మరలు ఉండిన రంధ్రాలు. వాటిలో అదే టేకుతో మేకులు చెక్కి దించి, చేత్తో తడిమినా తెలియనంత నున్నగా తీసి, పైన రంగు వేసి ఉంది.

కిరణ్ మెకానిక్కు కదా, అతనికే ముందు వెలిగింది. "అత్తయ్యా, ఈ స్ప్రింగు మొదట్లోదేనా?" అన్నాడు. చేతిలోకి తీసుకున్నాను. రెండు కొసలా నాన్న చుట్టిన రాగి తీగ. అదే స్ప్రింగు. "అలిసిపోయిన స్ప్రింగును ఏ ఫిట్టరూ మళ్ళీ వెయ్యడు. అదీ పిల్లలెక్కే బండికి" అన్నాడు. ప్రభుదాసు గబుక్కున నా వైపు తిరిగాడు. "అక్కా, చెయ్యి బాగయినాక నేనడిగినా, కొక్కెం ఎందుకు మార్చినావు నాన్నా అని. ఈ పక్కయితే ఎవురి చెయ్యీ దాని మీదికి పోదులేరా అన్నాడు. సంచీ గురించి అనుకున్నా నేను."

ఆయనకు తెలుసు. మొదటి నిమిషం నుంచే తెలుసు. తమ్ముణ్ణి భుజాన వేసుకుని నన్ను పైనుంచి కిందికి చూసినప్పుడు, ఒక జడ మడిచి కట్టి, ఇంకో జడ విడిపోయి, గుప్పిలి బిగించి నిలబడి ఉన్నాను నేను. వేలితో కొట్టి పగులు చెప్పే మనిషికి అది కనబడకుండా ఉంటుందా? అన్నీ తెలిసే "స్ప్రింగు అలిసిపోయింది" అన్నాడు. తెలిసే, తను బతికిన పేరును వీధిలో నలుగురి నవ్వుకు వదిలేశాడు. కూతుర్ని నిలదీయలేదు, కొట్టలేదు, చివరికి తనకు తెలుసని కూడా తెలియనివ్వలేదు. కొక్కెం మార్చాడు, కొత్త రిబ్బన్లు తెచ్చాడు. ఆ రంధ్రాల మీద చెయ్యి పెట్టుకుని పెద్దగా ఏడ్చాను, పిల్లలు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా. ఏడుస్తున్నా నా ఛాతీ మాత్రం ఉబ్బిపోతోంది. నేను ఎలాంటి మనిషి కూతుర్నో నాకప్పుడే పూర్తిగా తెలిసింది. సునీత కొంగుతో నా మొహం తుడిచి, పిల్లల వైపు తిరిగి, "ముత్తాత బ్రేకు ఎట్టుండిందో అట్టాగే బిగించండి" అంది. ఆయన పద్ధతి ప్రకారం, విప్పిన కిరణే బిగించాడు.

ఎండ తగ్గాక కరకట్ట మీదికి తీసుకెళ్ళాం. అక్కడ ట్రాక్టర్లు దిగే సిమెంటు వాలు ఒకటుంది. సముద్రం గాలి చల్లగా తగులుతోంది. ముందు జోయెల్, తర్వాత హన్నా, మూడేసిసార్లు దిగారు. హన్నా దిగిన ప్రతిసారీ ఎక్కడ ఆపమంటే అక్కడ చెయ్యి వదిలి ఆపింది, ఆపి మహారాణిలా నా వైపు చూసింది. వీళ్ళు రత్నంగారి మనవరాలి పిల్లలని దారిన పోయేవాళ్ళందరినీ పిలిచి చెప్పాలనిపించింది. ఇద్దరికి చెప్పాను కూడా. "అక్కా, ఇంక నువ్వెక్కు" అన్నాడు ప్రభుదాసు. "నా మోకాళ్ళు వంగవురా" అన్నాను. "నీ మోకాళ్ళు తగలెయ్య, ఎక్కుమంటుండానా? వెనక నేను కూర్చునేదానికి చోటు చాలదు గానీ, లేకుంటే నేనూ ఎక్కుదును. ఇంకో చెయ్యి ఉండాది గదా" అన్నాడు. నలుగురూ పట్టుకుని కూర్చోబెట్టారు. చీర కుచ్చిళ్ళు దగ్గరకు లాక్కుని, కాళ్ళు ముందు కర్ర మీద పెట్టి, ఎడమ చేత్తో కడ్డీని లాగి పట్టుకున్నాను. తమ్ముడు ఆ వంకర చేత్తోనే నా వీపు మీద ఒక్క తోపు తోశాడు. బేరింగులు పాత మోతే మోగాయి. గాలి మొహాన కొట్టింది. వేగం పెరిగింది, కింద రోడ్డు నా మీదికి వచ్చేస్తోంది. వెనక నుంచి పిల్లలు "అమ్మమ్మా, బ్రేకు, బ్రేకు" అని అరుస్తున్నారు.

"నాన్నా" అని చెయ్యి వదిలేశాను. బండి ఆగింది.